మామ చేతి నేతి గిన్నె

మా మేనమామ పోయాడన్న కబురు పోయిన నెల దమ్మపేట బస్సు కండక్టరు తెచ్చాడు. టికెట్టు చించి ఇచ్చినంత మామూలుగా చెప్పాడు. నేనూ “అట్లాగా” అన్నాను. నా లెక్కన మనిషి ఎప్పుడో పోయాడు, కబురే ఇప్పుడొచ్చింది.

ఆయన్ని ఎరగనివాళ్లకు చెప్పాలి. పెనుబల్లి నుంచి భద్రాచలం దాకా మా చుట్టాల పెళ్లి ఎక్కడైనా బంతిలో నెయ్యి వడ్డించేది మామే. పప్పు ఎవరైనా వడ్డిస్తారు. నేతి గిన్నె పిసినారి చేతికిస్తే ఇంటి పరువు పోతుంది, ధారాళమైనవాడి చేతికిస్తే నెయ్యి పోతుంది. మామ రెండో రకం. అందుకే మా నాన్న ఇంకో గిన్నె ఆయనకు కనపడకుండా అటక మీద దాచేవాడు. సరే, దారి తప్పాను.

“విస్తరికి చెయ్యి అడ్డం పెట్టేదాకా పొయ్యాలెరా అల్లుడా. అంతకుముందే ఆపితే అది పెళ్లి కాదు, తద్దినం” అనేవాడు.

ఎనభైల మొదట్లో మామ పొగాకు కాల్చే బ్యారన్ దగ్గర పనిచేస్తూ దగ్గుతుంటే పొగ వల్లే అనుకున్నాం. నెత్తురు పడ్డాక దవాఖానాలో టీబీ అన్నారు. పని పోయింది. పశువుల కొట్టంలో మంచం, వేరే కంచం, వేరే చెంబు. అత్త అన్నం అక్కడ పెట్టి వెంటనే వెనక్కి తిరిగేది. పసిపిల్లలున్న ఇల్లు, ఆమెనేమనగలం?

నేను వెళితే దూరం నుంచే ఆపేవాడు.

“ఆడనే కూసో. మందులున్నన్నాళ్లే గీ బాధ. నీ బిడ్డ పెళ్లికి నెయ్యి నేనే పోస్త, ఇంకెవనికియ్యకు.”

“నువ్వు గాక ఇంకెవరు పోస్తరు మామా?”

ఆ ఒక్క ఆశ పట్టుకుని గుప్పెళ్లకొద్దీ మాత్రలు మింగాడు. కక్కుకుని మళ్లీ మింగాడు. చివరికి డాక్టరు ఛాతీ ఫొటో వెలుతురుకు పెట్టి చూసి, రోగం పోయింది, ఇక అందరితో కలిసి తినొచ్చన్నాడు.

మా అమ్మాయి పెళ్లిలో మామ కొత్త పంచె కట్టి గిన్నె అందుకున్నాడు. మొదటి విస్తరి ఆయన వియ్యంకుడిదే. గిన్నె వంచకముందే చెయ్యి అడ్డమొచ్చింది.

“వద్దులే బావగారూ, నాకు నెయ్యి పడతలేదు.”

“నాకూ వద్దయ్యా, డాక్టరు మానమన్నడు” అన్నాడు పక్కాయన.

ఆ పక్కాయన అదీ అనలేదు, రెండు చేతులూ పెట్టాడు. బంతి పొడుగునా చేతులే. మామ చివరి విస్తరి దాకా నడిచి, నిండు గిన్నె తెచ్చి నాకిచ్చాడు.

“అందరికీ ఒక్కసారే కడుపు నిండిందిరా” అని నవ్వాడు.

మా తమ్ముడు వేరే గిన్నెతో వెళితే చేతులన్నీ తొలగాయి.

ఇంటికెళ్లి మామ తనంతట తానే మంచం మళ్లీ కొట్టంలో వేసుకున్నాడు. అత్త ఏడ్చింది.

“రోగం పోయింది గద, లోపలికి రా.”

“పోయిందని నీకెర్క, నాకెర్క. ఊరికెవరు చెప్తరే?”

మళ్లీ దవాఖానాకు తీసుకెళ్లాను. “ముద్ద దిగతలేదు సార్. నిద్ర లేదు. తెల్లారితే ఎందుకు లేవాలె అనిపిస్తది” అన్నాడు. ఇంకో ఫొటో తీశారు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయని బలానికి టానిక్కు రాశారు. దిగులు ఆ ఫొటోలో పడదు. అదీ రోగమేనని, దానికీ మందుందని చాలా ఏళ్ల తర్వాత పేపర్లో చదివాను. పేపరు పట్టుకుని వెళ్లి చదివి వినిపిస్తే, మామ గోడవైపు తిరిగే విన్నాడు.

దగ్గు మళ్లీ రాలేదు. తిండి తగ్గించుకుంటూ, మాట తగ్గించుకుంటూ పోయాడు.

పెద్దకర్మ నాడు బంతిలో కూర్చున్నాను. మామ వియ్యంకుడు నాకెదురుగా కడుపారా తింటున్నాడు. నెయ్యి వచ్చింది. వడ్డించేవాడు కొంచెం పోసి నా చెయ్యి కోసం చూశాడు.

“చాలా, పెద్దాయనా?”

నేను చెయ్యి కదపలేదు. అతను పోస్తూనే ఉన్నాడు. నెయ్యి అన్నం మీంచి పప్పులోకి, పప్పులోంచి విస్తరి అంచుకు, అక్కణ్ణించి నేలమీదికి.