మస్తాన్ షెడ్డు బనాక్ స్పేస్ కాదు

మా మేనకోడలు ఎమ్మెస్సీ లెక్కలు చదువుతోంది. ఈ రోజు నరసరావుపేట కాలేజీలో బనాక్ స్పేస్ మీద సెమినార్, ఆలస్యమైతే మార్కులు పోతాయి. దింపుతానన్న నా బండేమో మెకానిక్ మస్తాన్ షెడ్డులో విప్పి ఉంది.

"అయిపోతంది బాబాయ్, కొంచెమే" అన్నాడు మస్తాన్. కాసేపాగి "ఇంకాస్తే" అన్నాడు.

"ఏందే అమ్మాయ్ నీ స్పేసు?" అని పక్కనే నిలబడ్డ మేనకోడల్ని గిల్లాను.

"దూరం కొలిచే చోట, అంకెలు ఒకదానికొకటి దగ్గరపడతా పోతే, చివరికి చేరేది కూడా ఆ చోటులోనే ఉండాల మావయ్యా. అప్పుడే అది కంప్లీట్, బనాక్ స్పేస్ అంటే అట్టా కంప్లీట్‌గా ఉండాల. ఈయన దగ్గరపడతానే ఉన్నాడు, చేరేది మాత్రం ఈ షెడ్డులో లేదు" అని ఆటో ఎక్కేసింది.

సెమినార్‌లో ఉదాహరణ అడిగితే మస్తాన్ షెడ్డు పేరుతో సహా ఇదే చెప్పిందట. సారు నవ్వలేదట. "నా స్కూటర్ కూడా అక్కడే ఉందమ్మా" అన్నాడట.

మీ ఊళ్లో కంప్లీట్ షెడ్డు ఏదైనా ఉంటే కింద రాయండి, ఇద్దరికీ పనికొస్తుంది.