పరమ చెత్త శవానికి ఆగిన గడియారం

గడియారాల బాబాయికి ఒక్కటే పిచ్చి. చెత్త సినిమాల పిచ్చి. మంచి సినిమా ఆడుతోందంటే ఆ హాలున్న వీధి మొహం కూడా చూసేవాడు కాదు. అదే ఓ సినిమాకి జనం మధ్యలోనే లేచి పారిపోతున్నారని తెలిస్తే మాత్రం, చేతిలోని గడియారాన్ని పొట్ట విప్పింది విప్పినట్టే వదిలేసి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరిగెత్తేవాడు.

ఒకసారి హాలు మొత్తానికి ఆయనొక్కడే మిగిలాడట. గేటు మనిషి టార్చిలైటుతో వచ్చి, "ఆపేద్దామా బాబాయ్? మాకూ ఇళ్లున్నాయి" అని బతిమాలితే, "చివరిదాకా చూడకుండా తిట్టడం అన్యాయంరా!" అని కసిరాడట. ఆ సినిమాకి తెర కూడా ఆవలించిందని ఆ రోజుల్లో చెప్పుకునేవారు. నమ్మనివాళ్లు ఆ సినిమా చూడనివాళ్లు.

ఏడాది చివర ఓ ఆదివారం పొద్దున తన గడియారాల రిపేరు కొట్టు ముందు స్టూలెక్కి, ఆ ఏటి చెత్త సినిమాలకి బహుమతులు చదివేవాడు. పరమ చెత్త కథ, పరమ చెత్త ఏడుపు, పరమ చెత్త పరుగు. దేనికైనా ఇచ్చేది ఆగిపోయిన గోడగడియారమే. గెలిచినవాళ్లెవరూ వచ్చి తీసుకెళ్లిన పాపాన పోలేదు గనక, అవన్నీ కొట్టు గోడమీదే వేలాడుతూ తలో టైమూ చూపించేవి.

"టైమెంత బాబాయ్?" అంటే, "ఏ సినిమా టైము కావాలి?" అనేవాడు.

ఓ ఏడు ఆ వీధిలోనే ఒక నటుడు పుట్టాడు. బేకరీ ఆవిడ కొడుకు. కూర్చుంటే కాలు, నిలబడితే భుజం, ఏదో ఒకటి ఎగురుతూనే ఉండేది కాబట్టి అందరూ స్ప్రింగు అనేవారు. అలాంటివాడికి సినిమాలో దొరికిన మొదటి వేషం శవం! హీరో మీదపడి భోరుమంటుంటే శవం పొట్ట కొలిమితిత్తిలా లేచిపడింది. చివర్లో కాలి బొటనవేలు ఆ ఏడుపుకి తాళం కూడా వేసింది.

"ఏరా, ఊపిరాడుతోందా?" అని ఒకడు. "చచ్చినా కుదురు లేదేంరా నీకు!" అని ఇంకొకడు. స్ప్రింగు తలెత్తుకోలేకపోయాడు. నటన కట్టిపెట్టి తన సిమెంటు కొట్టులో కూర్చోమన్నాడు బావ. వీడూ సోమవారం వస్తానని మాటిచ్చేశాడు.

ముందురోజు ఆదివారం. బాబాయి స్టూలెక్కి గొంతు సవరించుకున్నాడు.

"పరమ చెత్త శవం..."

పేరు చెప్పేలోపే వీధంతా చప్పట్లు. పట్టుకుని ముందుకు తోశారు స్ప్రింగుని.

"ఇందా, పుచ్చుకో. స్వయంగా వచ్చి తీసుకున్న మొదటి మొనగాడివి నువ్వే!"

స్ప్రింగు గడియారం లాక్కుని ఇంటికి పోయి మంచమ్మీదకి విసిరాడు. వెనక మూత ఊడింది. లోపల బ్యాటరీ తిరగేసి ఉంది. వాడి చేతులు ఊరుకుంటాయా? సరిగ్గా పెట్టాడు. గడియారం టిక్కుటిక్కుమంది.

దాన్ని చంకన పెట్టుకుని ఒక్క ఊపున బాబాయి కొట్టుకి వచ్చాడు. "ఏంటి బాబాయ్ ఈ మోసం? ఇది శుభ్రంగా నడుస్తోంది! బ్యాటరీ తిరగేసి పెట్టావంతే!"

"నిన్నూ అంతే కదరా! నిమిషం కుదురుండనివాణ్ణి శవంగా పడుకోబెడితే తప్పు నీదా? ఆ సినిమాలో ప్రాణమున్నట్టు కనిపించింది నువ్వొక్కడివే. ఆ బొటనవేలు కోసం మళ్లీ వెళ్లి చూశాను."

స్ప్రింగు గోడకేసి చూశాడు. "మరి ఇవన్నీ?"

"బాగుచెయ్యకుండా ఎవరికైనా బహుమతిస్తామా, పరువు పోదూ! వస్తే కదా ఆ వెధవలకి తెలిసేది."

స్ప్రింగు సిమెంటు కొట్టుకి వెళ్లలేదు. మరుసటేడు ఓ సినిమాలో బస్సు వెనక పరిగెత్తే కండక్టరుగా వేస్తే హాళ్లు పగలబడి నవ్వాయి. బహుమతుల రోజున ఆశగా వచ్చి నిలబడ్డాడు.

"నాకేం లేదా బాబాయ్?"

"పోరా! బాగా చేశావట కదా, ఇంకెందుకిస్తాను? మంచి సినిమాలు నేను చూడనని తెలీదూ?" అని కసిరి బాబాయి స్టూలు దిగాడు. దిగుతూ, "అయినా టోపీ ఎగిరిపోయినప్పుడు వెనక్కి ఓ చూపు చూశావు చూడూ..." అనేసి నాలిక్కరుచుకున్నాడు.