మడతలో పోయిన వాగు

1989 జూలై 14, శుక్రవారం. తెల్లవారుజామున పట్టిన ముసురు మధ్యాహ్నమైనా వదలలేదు. నగర ప్రణాళిక కార్యాలయం రెండో అంతస్తులో కిటికీలన్నీ మూసే ఉన్నా, బల్లల మీది కాగితాలు చెమ్మకు మెత్తబడి అంచులు పైకి లేచాయి. అటువంటి రోజున ట్రేసరమ్మ సిరా సీసా మూత తీయదు. చెమ్మకు కాగితం సాగుతుంది. సాగిన కాగితం మీద గీసిన గీత, ఎండ రాగానే దానితోపాటే ముడుచుకుంటుంది.

"వాన పడ్డప్పుడల్లా ఊరు పెరగకూడదు కదా మాష్టారూ" అనేది.

నేను ఇంజనీరింగ్ కళాశాలలో భాష బోధించేవాణ్ణి. చివరి ఏడు చదువుతున్న ఆరుగురికి నివేదిక రాయడం నేర్పమని నన్ను పురమాయించగా, ఆ నెలంతా వాళ్ళ వెంట ఆ కార్యాలయానికి వెళ్ళివస్తున్నాను. వాళ్ళ అంశం 'సుస్థిర నగర, ప్రాంత ప్రణాళిక'. ప్రణాళి అంటే నీరు పారే కాలువ అనీ, ప్రణాళిక ఆ మాటకు బిడ్డే అనీ మొదటిరోజున చెప్పాను. అయిదుగురు తలలూపారు, ఆరోవాడు ఆవలించాడు. వ్యుత్పత్తికి మార్కులుండవని వాడికి తెలుసు.

ట్రేసరంటే, పాత పటం మీద పలుచని కాగితం పరచి, కింద ఉన్నవన్నీ పైకెత్తి గీసే మనిషి. ఆమెకు అప్పటికి నలభై ఆరేళ్ళు, ఉద్యోగానికి పాతికేళ్ళు. భర్త పోయాక, ఆడపడుచుతో కలిసి దర్జీ దుకాణం మీది రెండు గదుల్లో ఉండేది. తప్పు గీతను బ్లేడుతో గీకి తీయడం ఆ కార్యాలయంలో అందరికీ అలవాటు; ఆమె బల్ల మీది బ్లేడు మాత్రం పెన్సిళ్ళు చెక్కడానికే. ప్రతి పటానికీ కుడివైపు అడుగున చిన్న గడిలో ఆమె పొట్టి సంతకం ఉండేది. అది కనిపిస్తే పై అధికారి పటం వంక చూడకుండానే తన సంతకం గిలికేవాడు. మార్చిలో హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ పదవీ విరమణ చేస్తాడు. ఆ పెద్ద బల్ల ఆమెదేనని కార్యాలయమంతా అనుకునేది. ఆమె కూడా అనుకునేది, పైకి అనేది కాదు.

నగరానికి దక్షిణాన ఖాళీగా ఉన్న నలభై ఎకరాల్లో రెండు వందల ఇళ్ళు కట్టదలిచారు. అక్కడి ఎత్తుపల్లాలు కొలిచి, వీధులు ఎటు వాలాలో, వాననీరు ఎటు పోవాలో చెప్పడం విద్యార్థుల పని. కొలిచారు. నేల మధ్యలో నాలుగడుగులు దిగి, మళ్ళీ లేచింది. కార్యాలయం పటంలో అక్కడ చదును. "లెవెల్ మిషన్ నిలబెట్టడమే చేతకాదు, సుస్థిరమట!" అని ప్లానింగ్ ఆఫీసరు నవ్వాడు. మూడోసారి కొలిచినా అవే అంకెలు. సోమవారంలోగా పటంతో సరిపోయే కొలతలు ఇవ్వకపోతే, పని పూర్తి కాలేదని కళాశాలకు రాస్తానన్నాడు. అంటే ఆరుగురికీ ఒక ఏడు పోయినట్టే.

వాళ్ళలో కళ్ళజోడు పిల్ల కొలతల పుస్తకం పట్టుకుని ట్రేసరమ్మ దగ్గరికి వచ్చింది.

"మీరైనా చూడండి మేడం. మూడుసార్లు కొలిచాం."

"నా కాగితం మీద లేని పల్లం నేల మీదికి ఎలా వస్తుందే తల్లీ?"

"నేల ముందా మేడం, కాగితం ముందా?"

"నాలుక్కి కూడా ఓసారి లెవెల్ పెట్టి చూసుకో అమ్మాయ్."

ఆ రోజు ఎలాగూ సిరా పనిలేదు. పిల్ల నోరు మూయించడానికే ఆమె బీరువాలోంచి అసలు పటం తెచ్చింది. వెనక బట్ట అతికించి, ఎనిమిది మడతలుగా మడిచి పెట్టిన పటం. పరిచింది. నిలువు మడత దగ్గర రంగు పూర్తిగా రాలి, తెల్లని పోగులు బయటపడ్డాయి. భూతద్దం పెట్టింది. మడత పొడుగునా, పోగుల సందుల్లో, ఆవగింజంత ఆవగింజంత నీలం.

అది వాగు. ఆ నలభై ఎకరాల్లో దాదాపు తిన్నగా పారుతుంది. మడత సరిగ్గా దాని మీదే పడింది. కొలిచినవాడు గీశాడు, మడిచినవాళ్ళు అరగదీశారు. పక్క పటంలో వాగు కొస కనిపిస్తూనే ఉంది, రెండూ కలిపి చూడాలని ఎవరికీ తోచలేదు. ఆ గీత లేకుండా గీసిన మొదటి పటం మూలన, ఇరవై ఒక్కేళ్ళ కిందటి పొట్టి సంతకం ఆమెదే. తరవాతి వాళ్ళంతా దాన్నే మక్కికి మక్కి దించారు.

ఆమె పటం మడిచేసింది. "సోమవారం చెబుతాను" అన్నది, పిల్ల ముఖం చూడకుండా.

"ఏమైందమ్మా?" అని అడిగాను.

"చెమ్మ మాష్టారూ. ఇవాళ ఏదీ సరిగా కనపడదు."

శనివారం ఒంటిపూట. గొడుగు వేసుకుని ఆ నేల దగ్గరికి ఒక్కతే వెళ్ళింది. తాను గీసిన నేల మీద ఆమె అడుగుపెట్టడం పాతికేళ్ళలో అదే మొదలు. గడ్డి అంతా ఒకే దిక్కుకు వాలి పడుకుని ఉంది. చెప్పులు చేతబట్టుకుని దిగితే, నీళ్ళు మోకాలి దాకా వచ్చాయి, నిలవ నీళ్ళు కావు. ఇదంతా, ఇంటి దగ్గర నడిచిన సంభాషణతో సహా, ఆమె తరవాత నాకు చెప్పినదే.

"ఎవరైనా అడిగారా వదినా?" అన్నది ఆడపడుచు.

"లేదు."

"గుమ్మడికాయల దొంగెవరని ఎవరూ అనకముందే భుజాలు తడుముకుంటావేం? మార్చి దాకా ఊరుకో. పెద్ద బల్ల మీద కూర్చున్నాక తీరిగ్గా దిద్దుకో."

"మార్చికి అక్కడ పునాదులు లేస్తాయి."

"లేస్తే ఇంజనీర్లు చూసుకుంటారు."

"చూసిందిగా ఒక ఇంజనీరు పిల్ల. అబద్ధమంటున్నారు."

ఆడపడుచు లేచి, వదిన చెప్పుల బురద కడగడానికి వెళ్ళిపోయింది.

సోమవారం ఆఫీసరు గదిలో రెండు పటాలూ పక్కపక్కన పరిచి ఆమె సంగతి చెప్పింది. విద్యార్థులూ నేనూ గుమ్మం దగ్గర నిలబడ్డాం.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా? పిల్లలు ఒక అంకె సర్దుకుంటే పోయేదానికి! ఇరవై ఒక్కేళ్ళ పటాలన్నీ తప్పని పైకి రాయమంటారా నన్ను?"

"అన్నీ కాదు సార్. నేను గీసినవీ, నన్ను చూసి గీసినవీ."

"అవే కదమ్మా అన్నీ!"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె నవ్వలేదు. ఎర్రసిరా కలంతో వాగును ఈ కొస నుంచి ఆ కొసకు గీసి, పక్కన తేదీ వేసి, పొట్టి సంతకం చేసింది. నేను కళ్ళజోడు పిల్లను చూస్తున్నాను.

విద్యార్థుల కొలతలు అంగీకరించారు. ఇళ్ళు నూట నలభై అయ్యాయి. వాగుకు అటూ ఇటూ ముప్ఫై అడుగులు వదిలారు. మార్చిలో పెద్ద బల్ల ఆమె దగ్గర గీత నేర్చుకున్న ఒకతనికి దక్కింది. అతను మొదటిరోజు ఆమె ముందు నిలబడి, "కూర్చోమంటారా అమ్మా?" అన్నాడట.

"కుర్చీ నీది. నన్నడుగుతావేం?"

అప్పటినుంచి శనివారాలు గొడుగుతో, ఒక్కొక్క పటమే చంకన పెట్టుకుని, నేల చూసి వచ్చేది. ఎవరూ వెళ్ళమనలేదు, వద్దనలేదు.

చాలా ఏళ్ళకు, నేను కూడా విరమించాక, ఆమె ఉత్తరం వచ్చింది. రెండుచోట్ల దిద్దాలనిపించింది, దిద్దలేదు.

"మాష్టారి గారికి నమస్కారములు. నేను రిటైరై మూడేళ్ళు. మేమిద్దరం ఇప్పుడు వాగు పక్కనే ఉంటున్నాము. నీ వాగు దోమలు నన్నే కుడుతున్నాయని మా ఆడపడుచు రోజూ సాధిస్తుంది. కిందటి నెల ఆఫీసుకి వెళ్ళి కొత్త కంప్యూటరు పటం చూశాను. ముచ్చటగా ఉంది. వాగు ఉంది. కాని మూడో వంతెన దగ్గర పదకొండు అడుగులు తూర్పుకి జరిగింది. రెండుసార్లు టేపు పెట్టి కొలిచాను. మూడోసారి పక్కింటావిడ చేత పట్టించాను. ఆ పదకొండడుగుల్లో ఎవరో గోడ లేపుతారు. రెండు అర్జీలు పెడితే పరిశీలిస్తామన్నారు. కాగితం మీద పరిశీలించొద్దు, బుధవారం వంతెన దగ్గరికే రమ్మని ఆఫీసరుగారికి చెప్పి వచ్చాను. వస్తారో రారో. నేను మాత్రం తొమ్మిదింటికి అక్కడ ఉంటాను."