బావిలోంచి ఆమేన్

బావి మేస్త్రీ భార్యకు ప్రార్థనమ్మ అని పేరు పెట్టింది నేను కాదు గానీ, ఆ పేరుతో ఎక్కువగా పిలిచింది మాత్రం నేనే. ఆమెకు ఒకచోట కుదురుండదు. చర్చిలో పాస్టరుగారి ప్రసంగం సగంలో ఉండగానే లేచి కిటికీ రెక్కలు సర్దుతుంది, ఎవరి బిడ్డ ఏడ్చినా ఎత్తుకుని బయటికి పోతుంది. ఈవిడ కాళ్ళకు చక్రాలు కట్టుకుని పుట్టిందంటాడు మా ఆయన. అలాంటి మనిషి వేసవి చివర్లో, బావులన్నీ అడుగంటి పూడికతీత పనులు మొదలైతే, పొద్దస్తమానం బావిగట్టు వదలదు. కూర్చుంటుందన్న మాటే గానీ చెంగు మెలిపెడుతూనే ఉంటుంది, మోకు మీద చెయ్యి వేస్తుంది, తీస్తుంది, మళ్ళీ వేస్తుంది.

మేస్త్రీ బావిలో దిగి బురద తవ్వి పైకి పంపుతాడు. దిగేముందు లాంతరు దించి చూస్తారు. దీపం కొండెక్కితే లోపల చెడుగాలి ఉన్నట్టు, ఆ రోజుకి పని లేనట్టే. అయితే దీపం నిలిచిన బావిలో కూడా బురద కదిపాక గాలి చెడిపోవచ్చు. కిందున్న మనిషికి పడిపోయేదాకా ఆ సంగతి తెలియదు. అందుకని ఈమె పైనుంచి గొంతెత్తి ప్రార్థన చేస్తుంది. ఒక్కో మాటకీ ఆయన కిందనుంచి ఆమేన్ అనాలి. ఆమేన్ వినిపించినంతసేపూ మనిషి బాగున్నట్టు. వినిపించకపోతే పైనున్న ఇద్దరు కూలీలూ ఆయన నడుముకున్న మోకు లాగెయ్యాలి. దానికి ప్రార్థనే ఎందుకు, ఏమండీ ఏమండీ అని పిలిస్తే పోదా అని ఒకసారి అడిగాను. రోజంతా అలా పిలిస్తే ఆయన విసుక్కుంటాడట. దేవుణ్ణి పిలిస్తే ఎవరూ విసుక్కోరట.

రోజంతా ప్రార్థన చెయ్యాలంటే సరుకు కావాలి కదా. దానికి ఆమె దగ్గర లోటేం లేదు. నా మోకాలి నొప్పి, పాస్టరుగారి భార్య దగ్గు, పక్కింటివాళ్ళ ఆవు చూలు నిలవకపోవడం, అన్నీ ఆ బావుల్లోకి దిగి ఆమేన్ అనిపించుకున్నవే. నాకూ మా కోడలికీ మాటల్లేవన్న సంగతి వీధంతటికీ తెలిసింది కూడా అలాగే. ఆ దెబ్బతో నాకు ఒళ్ళు మండి కొన్నాళ్ళు ఆమె ఇంటి గుమ్మం తొక్కలేదు. ఇంట్లో మొగుడి ముఖం మీద అనలేనివి కూడా ఆమె అక్కడే అనేది. "ప్రభువా, ఈయన కోపం తగ్గించు తండ్రీ" అని పైనుంచి ఈమె, "ఆమేన్" అని కిందనుంచి ఆయన. కూలీలు మోకు పట్టుకునే నవ్వేవాళ్ళు. మేస్త్రీ చర్చికి రాడు. ఎందుకు రావయ్యా అని పాస్టరుగారు అడిగితే, ఏడాదికి సరిపడా ఆమేన్లు బావుల్లోనే అయిపోయాయండీ అన్నాడట.

ఈ పద్ధతి మొదటినుంచీ ఉన్నది కాదు. ఒకప్పుడు గట్టుమీద మేస్త్రీ తమ్ముడొక్కడే ఉండేవాడు. ఓ మధ్యాహ్నం అన్న కింద తవ్వుతుంటే వీడు మోకు చెట్టుకి కట్టి బీడీల కోసం దుకాణానికి పోయాడు. అక్కడెవరో కలిస్తే కబుర్లలో పడ్డాడు. కింద గాలి చెడింది. అన్న మోకు గుంజాడు, మళ్ళీ గుంజాడు. దారినపోయే మేకలవాళ్ళు చూసి లాగారు కాబట్టి ప్రాణం దక్కింది. ఆ రోజునుంచి ఒకే ఊళ్ళో ఉంటూ అన్న తమ్ముడి ముఖం చూడలేదు. ఇంట్లో తమ్ముడి పేరెత్తితే చాలు, చేతిలో కంచం అక్కడే వదిలి బయటికి నడిచేవాడు.

ఈ ఏడు మా బావి పని జరుగుతుండగా ఆమె తోడికోడలు వచ్చి చెప్పింది. మరిదికి గుండె ఆపరేషనట. ఆదివారం రాత్రి బస్సుకు పట్నం పోతున్నారట. డాక్టర్లు గట్టిగా ఏ మాటా ఇవ్వలేదట. పోయేలోగా అన్నను ఒక్కసారి చూడాలని మంచంలో ఒకటే కలవరింత.

మర్నాడు శనివారం. ప్రార్థనమ్మ కాలు కాలిన పిల్లిలా మా పెరడంతా తిరిగింది. నాకు చూడలేక విసుగొచ్చి, చెప్పెయ్యరాదా వదినా, కొడతాడా ఏమన్నా, అన్నాను. చెప్పబోతే లేచి వెళ్ళిపోతాడని ఆమె బాధ. చివరికి ఆమెకే తట్టింది, ఆయన లేచి వెళ్ళిపోలేని చోటు ఒక్కటే ఉందని. కానీ ఆమె తనకు తాను పెట్టుకున్న కట్టడి ఒకటుంది. ఆయన ఆమేన్ అనడేమోనన్న మాట గట్టుమీద ఎత్తకూడదు. అలిగి ఊరుకున్నాడో, ఊపిరాడక ఊరుకున్నాడో పైవాళ్ళకు ఎలా తెలుస్తుంది?

లాంతరు బాగానే వెలిగింది. ఆయన దిగాడు. ఆమె ఊరందరి కష్టాలూ ఏకరువు పెట్టింది. ఆమేన్లు వస్తున్నాయి, బురద వస్తోంది. ఎండ నడినెత్తికెక్కాక నా వైపోసారి చూసి కళ్ళు మూసుకుంది.

"ప్రభువా, ఈయన తన తమ్ముణ్ణి క్షమించేలా చెయ్యి."

కింద గునపం చప్పుడు ఆగింది. ఆమేన్ రాలేదు.

మళ్ళీ అదే మాట అంది, ఇంకాస్త గట్టిగా. ఏమీ లేదు. ఆమె ముఖం ముందు కోపంతో ఎర్రబడింది, అలాగే చూస్తుండగా పాలిపోయింది. ఆమె మోకు మీద పడి లాగడం మొదలుపెట్టింది, లాగండ్రా అని కూడా అనలేకపోయింది. కూలీలూ నేనూ తలో చెయ్యీ వేశాం.

మేస్త్రీ గునపంతో సహా పైకొచ్చాడు. ఒళ్ళంతా బురద, కళ్ళు మాత్రం నిప్పులు. ఊట పడే వేళకి ఎవరు లాగమన్నారని కూలీల మీద విరుచుకుపడ్డాడు. ఆమె ఆయన రొమ్ము మీద రెండు చేతులతో కొట్టింది. ఒట్టి ఆమేన్ అంటే నోరు పడిపోతుందా, బతికున్నానని తెలియడానికైనా అనొచ్చు కదా అని ఏడ్చింది.

"మనసులో లేంది ఎలా అంటానే? దేవుడితో అబద్ధమాడమంటావా?" అన్నాడు.

ఆమె ఏడుపు ఆపి ఆయన్ని తేరిపార చూసింది. "మరి ఇన్నేళ్ళూ అన్నవో?"

"అన్నీ మనసులో అనుకునే అన్నాను. నా కోపం తగ్గించమని నువ్వు అడిగినప్పుడల్లా అన్నాను కదా. తగ్గలేదు. నన్నేం చెయ్యమంటావు?"

ఇంతకాలం చర్చిలో ముందు వరసలో కూర్చుని, లెక్కాపత్రం లేకుండా ఆమేన్లు అనేసినదాన్ని నేను. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మేస్త్రీ మొహం కడుక్కుని, మోకు బిగించుకుని, ఎవరివంకా చూడకుండా మళ్ళీ దిగిపోయాడు.

ఆమె గట్టుమీద కూర్చుంది. ఏం అడగాలో తెలియక పెదవులు కదుపుతోంది గానీ గొంతు రావడం లేదు. కూలీలు భయంగా ఒకరినొకరు చూసుకున్నారు. అప్పుడు కిందనుంచే మాట వచ్చింది.

"క్షమించమని అడక్కు. అది నావల్ల కాదు. వెళ్ళమని అడుగు."

ఆమె గట్టు అంచుదాకా వంగింది. "ప్రభువా, రేపు ఈయన తమ్ముడింటికి వెళ్ళేలా చెయ్యి తండ్రీ."

కూలీలు మోకు బిగించి పట్టుకున్నారు. నేను ఆమె భుజం పట్టుకున్నాను.

"ఆమేన్" అన్నాడు మేస్త్రీ. "వెళ్ళినా వాడితో మాట్లాడను. ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టను. అది కూడా చెప్పు ఆయనకి."

ఆమె చెంగుతో కళ్ళు తుడుచుకుని, ఒక్క ముక్క పోకుండా అది కూడా దేవుడికి చెప్పింది. ఈసారి ఆమేన్ వెంటనే వచ్చింది.