మందుగిన్నె ఎత్తిన దొరసాని

ఇప్పటివాళ్లకు చెబితే నవ్వుతారు గానీ, ఆ రోజుల్లో సినిమా బొమ్మలకు నోరుండేది కాదు. తెరమీద దొరలూ దొరసానులూ పెదవులు ఆడించేవాళ్లు. తెర పక్కన పీట మీద నిలబడి వాళ్ల తరఫున మాట్లాడే ఉద్యోగం నాది. కడప ఊరి బయట వేసిన డేరాలో, మూడో ఫారం దాకా వెలగబెట్టిన ఇంగ్లీషుతో, మధ్యమధ్య తెరమీద పడే అక్షరాలు చదివి కథ చెప్పేవాణ్ని. (చదవలేనివి సొంతంగా కల్పించేవాణ్ని. ఒక్కరూ పట్టుకోలేదు.) నాకు ఇరవై రెండేళ్లు. నా గొంతు వినడానికే జనం వస్తున్నారని గట్టి నమ్మకం. వేంపల్లెలో ఉన్న మా నాయనకు మాత్రం ఇది బిచ్చగాళ్ల పని. "వాడు చేసేది మర్యాదైన పనో కాదో చూసిరామ్మా. కాదంటే బండెక్కించుకోని రా, శెనక్కాయ చేను కాసుకుంటాడు" అని మా జేజిని, అంటే తన తల్లిని, కడపకు పంపించాడు.

ఆ వారం ఆడుతున్నది ఒక హత్య కథ. దాని పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు, అదే నా బాధ. పెద్ద బంగళాలో ముసలి జమీందారు కుర్చీలోనే చచ్చిపడి ఉంటాడు. చంపినవాడి చేతులు తప్ప మొహం చూపించరు. ఆ ఇంటికి రోజూ వచ్చే డాక్టరు ఎంత పెద్దమనిషంటే, కుక్క ఎదురైనా టోపీ తీస్తాడు. ఆస్తి దక్కిన మనవరాలికి ఆయనే మందు కలిపి ఇస్తాడు. ఆ పిల్ల గిన్నె నోటిదాకా తెస్తుంది, తలుపు కదిలితే దించుతుంది, మళ్లీ ఎత్తుతుంది. (తీసినవాడెవడో గానీ, గిన్నెను మూడుసార్లు ఎత్తించిన ఆ బుర్రకు నేనిప్పటికీ దండం పెడతాను.) మా యజమాని డేరా సాయిబు ముందే హెచ్చరించాడు: "చంపినోడెవరో ఆఖరి రీలు దాకా చెప్పగూడదు. చెప్పినావంటే నీ మూట నువ్వు కట్టుకో."

మొదటి రోజు ఆ మాటకు కట్టుబడ్డాను. కానీ మన జనానికి తెలియని కథ చూసే అలవాటు లేదు. పురాణ కథలో ఎవరి చేతిలో ఎవరు చస్తారో ఇల్లు కదిలేటప్పుడే తెలుసు. ఎట్లా చస్తారో చూద్దామని వస్తారు. నేను చెప్పకపోతే కావాలని దాస్తున్నానని వాళ్లకు తోచలేదు. నాకే తెలియదనుకున్నారు. "కత తెలీనోన్ని నిలబెట్టినారేమప్పా" అంటూ నాలుగో రీలుకే సగంమంది లేచిపోయారు.

రెండో రోజు ముందు చాపమీద, ఆడవాళ్ల మధ్యలో మా జేజి కూర్చుంది. మొదటి రీలు అయ్యీ కాకముందే అడిగింది.

"చంపినోడు ఎవడ్రా?"

వినపడనట్టు గొంతు పెంచాను.

"నిన్నేరా. ఎవడు చంపినాడు?"

"చూస్తా ఉండు జేజీ, ముందు ముందు తెలుస్తాది."

ఆమె పక్కావిడ వైపు తిరిగి, డేరా అంతా వినపడేటట్టు చెప్పింది. "వానికి తెలీదులేమ్మా. సదువు యాడబ్బింది? చిన్నప్పట్నుంచీ అంతే."

జనం పగలబడి నవ్వారు. సాయిబు మిషను దగ్గర్నుంచి నన్నే చూస్తున్నాడు. చెబితే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే జేజి బండెక్కిస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తెరమీద డాక్టరు మందు కలుపుతున్నాడు. నాకు రోషం ఆగలేదు.

"ఆ డాక్టరే జేజీ. ఆ మందులో విషం ఉండాది."

దొరసాని గిన్నె ఎత్తింది.

"తాగొద్దు తల్లీ" అంటూ జేజి లేచి నిలబడింది. ఆమె వెనక అందరూ లేచారు. గిన్నె దించితే ఊపిరి పీల్చుకున్నారు, ఎత్తితే మళ్లీ కేకలు. ఒక గొర్రెల కాపరి డాక్టరును తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. మూడోసారి గిన్నె జారి మందు ఒలికిపోతుందని తెలిసిన నేనే పీట మీదనుంచి కేక పెట్టాను. కథ తెలియనివాడు ఆశ్చర్యపడతాడు. భయపడాలంటే కొంత తెలిసి ఉండాలి. ఈ ముక్క నాకు మా జేజి నేర్పింది.

ఆట అయిపోయాక మూట కట్టుకుంటుంటే సాయిబు వచ్చాడు. "రేపు గూడా చెప్పు. అయితే మందు కలిపేటప్పుడే చెప్పు, ముందు నోరు జారొద్దు" అని వెళ్లిపోయాడు.

తెల్లారి జేజి నన్నేమీ అడక్కుండా ఒక్కతే బండెక్కింది. ఇంటికి పోయి నాయనతో ఏం చెప్పిందో తర్వాత మా మామ వచ్చి చెప్పాడు. "వాడు సమయానికి చెప్పబట్టి ఆ పిల్ల బతికిందిరా. వాన్ని ఆడనే ఉండనీ" అందట. అప్పట్నుంచి మా నాయన కనపడినవాళ్లందరితో, మావోడు కడపలో ప్రాణాలు కాపాడే కొలువులో ఉండాడని చెప్పుకునేవాడు. బతికున్నన్నాళ్లూ ఆయన ఆ మాట మార్చలేదు, నేనూ దిద్దలేదు. ఎట్లా దిద్దుతాను? ఆ సాయంత్రం పీట దిగిన కుర్రవాడు కూడా ఆ దొరసానిని తనే బతికించానని అనుకున్నాడు. ఇప్పుడు వాణ్ని తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా కలుగుతుంది.