మామ లుంగీ పేలికతో కట్టిన రాతిమొక్క

చచ్చిపోయిందని మీరు అవతల పారేసినదాన్ని ఒక్కసారైనా వేలితో నొక్కి చూశారా? వెంటనే తల ఊపకండి. నేనూ చూశాననే అనుకునేవాణ్ణి.

గురువారం పొద్దున్నే మా అత్త పిట్టగోడ దగ్గరకు వచ్చి నిలబడింది. చేతిలో మామ మొక్కలకు నీళ్ళు పోసే చెంబు ఉంది. "మీ మామ ఎల్లిపోయేడయ్యా" అంది. చెంబు వైపు చూసి, "ఇయ్యేళ ఈటికి నీళ్ళు ఎయ్యాలో ఒద్దో సెప్పకుండానే ఎల్లిపోయేడు" అంది. అప్పుడు ఏడ్చింది.

అత్త, మామ అంటున్నానే గాని మాది రక్తసంబంధం కాదు. అనకాపల్లిలో మావి పక్కపక్క ఇళ్ళు, మధ్యన ఒకటే గోడ. మామ ముప్ఫై ఏళ్ళు రాళ్ళ క్వారీలో బండకు బెజ్జాలు వేసిన మనిషి. పేలుళ్ళకు చెవులు సగం పోయాయి. రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరింది, చివరికి అదే తీసుకుపోయింది. నేను బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసేవాణ్ణి, ఆదివారమైతే ప్రార్థన కూటంలో ప్రసంగానికి మైకు పట్టుకునేవాణ్ణి. బడిచదువు అయిదో తరగతితో సరి. గ్రంథం చదవాలన్న ఆశతో మిగతా అక్షరాలు నాకు నేనే కూడబలుక్కున్నాను. మామ మా కూటానికి ఒక్కనాడూ రాలేదు. ఎందుకు రావు మామా అంటే, "రావడం దేనికల్లుడూ? ఈ పేట మొత్తం మీద నాకు ఇనబడేది నీ గొంతొక్కటే. మంచం మీంచే ఇంటన్నాను కదా" అనేవాడు.

బండను పేల్చే మందు పెట్టే ముందురోజు మామ దాని మీదికెక్కి, పగుళ్ళలో పట్టుకుని ఉన్న మొక్కల్ని ఉలిమొనతో వేరు తెగకుండా లేపి తెచ్చేవాడు. పట్నం నర్సరీలో వాటిని ఆర్కిడ్లంటారు. మామకు అవి రాతిమొక్కలు. మొదట తెచ్చినదాని గురించి ఇలా చెప్పాడు: "రేపు పేలిపోయే బండ మీద అది పువ్వు పూసుకుని కూకుంది. నాకు మనసొప్పలేదు." అలా ఒక్కొక్కటే చేరి, తూర్పు గోడ పొడవునా రాళ్ళూ కుండపెంకులూ నిండిపోయాయి.

నేనేమో విత్తువాని ఉపమానం మీద విరుచుకుపడేవాణ్ణి. రాతినేల మీద పడ్డ విత్తనం మొలిచినట్టే మొలిచి ఎండిపోయింది, మీ గుండెలు అలాంటివే, అని గొంతు చించుకునేవాణ్ణి. మర్నాడు మామ గోడ మీంచి తల పెట్టి, "నిన్న రాయిని బాగా తిట్టేవల్లుడూ. మరి దీని మీద ఉన్నదేటి?" అని ఒక పూలగెల చూపించేవాడు. లేతరంగు పూలు, చిటికెన వేలి గోరంత. అయినా వచ్చే ఆదివారం మళ్ళీ రాయినే తిట్టేవాణ్ణి.

ఒకసారి మామను విశాఖపట్నం ఆసుపత్రిలో పది రోజులు ఉంచారు. వెళుతూ నాకు అప్పగించిన పని ఒకటే. "రోజూ ఓసారి సూడు. ఏటీ సెయ్యకు." చూసి ఊరుకోవడం నాకు చేతనవుతుందా? అన్నిటికన్నా పెద్దది ఒట్టి రాయి మీద, పిడికెడు మట్టి కూడా లేకుండా నిలబడి ఉంది. నాకు జాలి పుట్టింది. దాన్ని రాయి మీంచి ఊడదీశాను. చెరువుమట్టి, మాగిన పేడ ఎరువు కలిపి కొత్త కుండీలో పాతాను. ఎండ తగలకుండా అరుగు మూలన పెట్టాను. రెండు పూటలా నీళ్ళు. బెల్లం ఊరివాణ్ణి కదా, బలానికని బెల్లం నీళ్ళు కూడా పోశాను. మూడో రోజుకు చీమలు బారులు తీరాయి. ఎనిమిదో రోజుకు ఆకులు పసుపుపచ్చగా మారి జారిపోయాయి.

మామ వచ్చీరాగానే వాసన పట్టాడు. కుండీ బోర్లించాడు. వేళ్ళు తడిసిన నూలుపోగుల్లా చేతికి ఊడి వచ్చాయి.

"ఎంత పోసేవేటి?"

"రెండు పూటలా, మామా."

"మరి అది ఆరేదెప్పుడు?"

తిట్టలేదు. కొత్త బ్లేడుతో కుళ్ళినదంతా కోశాడు. ఆకుల అడుగున ఉల్లిగడ్డల్లా ఉండే దుంపల్ని ఒక్కొక్కటీ వేలితో నొక్కాడు. మెత్తగా దిగినవాటిని పక్కన పడేశాడు. రెండు గట్టిగా ఉన్నాయి. ఆకు లేదు, వేరు లేదు, చూస్తే ఎండు చింతగింజకున్న కళ కూడా లేదు. "ఇయ్యి బతికే ఉన్నాయి" అన్నాడు. వాటిని నీడలో గాలికి ఆరబెట్టి, వారం తరవాత రెండు రాళ్ళ మీద పాత లుంగీ పేలికతో కట్టి, ఒకటి నా వంతన్నాడు. నైలాన్ తాడు తెస్తానంటే వద్దన్నాడు. "గుడ్డ పుచ్చిపోయేలోగా ఏరు రాయిని పట్టుకుంటాది. పట్టుకోలేదనుకో, మళ్ళీ కడతాం."

ఆ రోజు నుంచి నేను గోడకు ఇవతల శిష్యుణ్ణి. వేరు వెండిలా తెల్లబడితే దాహం, తడిపితే పచ్చబడుతుంది. పోస్తే కారిపోయేంత పోయాలి, మళ్ళీ తెల్లబడేదాకా ముట్టుకోకూడదు. పొద్దుటే పోయాలి, ఎండ ఎక్కాక కాదు. వాననీళ్ళు మంచివి, బోరునీళ్ళు వేరు మీద ఉప్పు కడతాయి. కుండీలో పెట్టక తప్పదంటే చుట్టూ బెజ్జాలున్న మట్టికుండీ, అందులో కంకర, బొగ్గుముక్కలు, కాస్త కొబ్బరిపీచు. మట్టి మాత్రం వద్దు. పొద్దుటి ఎండ పడాలి, మధ్యాహ్నానికి కొబ్బరాకుల తడిక అడ్డం ఉండాలి. ఆకు ముదురుపచ్చగా నిగనిగలాడుతుంటే నేను మురిసిపోయేవాణ్ణి. మామ పెదవి విరిచేవాడు. "అది బలం కాదల్లుడూ. ఎలుతురు సాల్లేదు. ఇలాటిది పువ్వు పుయ్యదు."

ఇక నా తమ్ముడి సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఈ స్మృతి అబద్ధమవుతుంది.

వాడు తాగుతున్నాడని తెలిసి, ఒక ఆదివారం నిండు కూటంలో మైకులో పేరు పెట్టి గద్దించాను. భార్య పక్కనే కూర్చుని ఉంది. ఇద్దరూ లేచి వెళ్ళిపోయారు. ఆ నెలలోనే ఇల్లు కె. కోటపాడుకు మార్చేశారు. ఆరేళ్ళు మాటల్లేవు. నేను ఊరుకున్నానా? వారానికో ఉత్తరం రాశాను, ఒక్కోదానిలో గ్రంథంలోంచి పదేసి వాక్యాలు. జవాబు రాలేదు. చివరికి ఒకనాడు గోడ దగ్గర, "ఆడు సచ్చినోడితో సమానం మామా" అన్నాను.

మామ చెంబు కింద పెట్టాడు. "నొక్కి సూసేవేటి?"

నేను లోపలికి పోబోయాను.

"వారానికో ఉత్తరం. అందులోనూ ఎరువే. ఆడు ఆరేదెప్పుడల్లుడూ?"

కోపంతో లోపలికి పోయి గ్రంథం తెరిచాను. తెరుచుకున్న చోట, జనాన్ని అరణ్యంలో నడిపించిన ఆ పెద్దాయన ఉన్నాడు. బండతో మాట్లాడమని దేవుడు చెబితే కర్రెత్తి రెండుసార్లు కొట్టాడు. నీళ్ళయితే వచ్చాయి గాని, ఆ తప్పుకే ఆయన, దేవుడు ఇస్తానన్న దేశంలో అడుగుపెట్టలేకపోయాడు. ఎన్నిసార్లు బోధించాను దాన్ని! నా చేతిలో ఉన్నది కర్ర అని ఆ రోజు దాకా నాకు కనబడలేదు. ఉత్తరాలు మానేశాను. కాని వెళ్ళలేదు. రేపు, రేపు అన్నాను. అలా ఏడాది గడిచింది.

మామను సాగనంపిన రోజు జనం వెనకాల నా తమ్ముడు కనిపించాడు. వాడికి ఎవరు కబురు చెప్పారో తెలియలేదు. అంతా అయ్యాక నా దగ్గరకు వచ్చాడు. జుట్టు నెరిసింది. కళ్ళు నా మీద పెట్టకుండా అడిగాడు.

"అన్నయ్యా, మామ ఇచ్చిన మొక్క ఆకులన్నీ రాలిపోయేయి. నీళ్ళు ఎయ్యమంటావా?"

గోడ దగ్గర కనబడని ఆ రెండో రాయి ఎక్కడికి పోయిందో నాకప్పుడు తెలిసింది.

"నీకెప్పుడిచ్చేడ్రా?"

"పోయినేడు. గుడ్డసంచిలో రాయెట్టుకొని, దగ్గుకుంటా బస్సులో వచ్చేడు. 'మీ అన్న పాడు సేసిన మొక్కే ఇది, అయినా బతికింది' అన్నాడు."

నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. గంటలకొద్దీ ప్రసంగించే నోటికి ఇంతే దొరికింది. "ఇప్పుడు ఎయ్యకురా. సలికాలం అది నిద్దరోతాది. దుంప నొక్కి సూడు. గట్టిగుంటే బతికున్నట్టే."

"గట్టిగానే ఉంది" అన్నాడు. బస్సుకు టైమైందని వెళ్ళిపోయాడు.



ఈ రోజు ఆదివారం. కూటంలో నేను మాట్లాడాలి. కానుకను బలిపీఠం దగ్గరే విడిచి ముందు సోదరుడి దగ్గరకు వెళ్ళమన్న బోధ నా నోట మీరు ఎన్నిసార్లు విన్నారో. నా దగ్గరున్న కానుక ప్రసంగమే. దాన్ని అక్కడే విడిచాను, ఇవాళ మరొకరు మాట్లాడతారు. ఇది రాసి పెట్టి కోటపాడు బస్సెక్కుతున్నాను. ఉత్తరం పట్టుకెళ్ళడం లేదు. "నీ పేరు మైకులో తియ్యడం నా తప్పురా" అని ఒక్కమాట చెబుతాను. తరవాత వాణ్ణి ఆరనిస్తాను.

వెళ్ళే ముందు గోడ దగ్గర నిలబడ్డాను. అత్త చెంబు బోర్లించి ఉంది. నా రాయి మీద మామ కట్టిన లుంగీ పేలిక పుచ్చిపోయి, ముడి ఒక్కటే మిగిలింది. దాని కింద తెల్లటి వేరు రాయిని పట్టుకుని ఉంది, వేలు పెట్టి లాగినా వదలనంతగా.

మీకూ ఒకరున్నారు. పేరు ఇప్పుడే మనసులోకి వచ్చింది కదా? వచ్చే ఆదివారం అనకండి. నేను అన్నాను, మామ వెళ్ళిపోయాడు. చెప్పులు వేసుకోండి. ఎండ ఎక్కకముందే బయలుదేరండి. ఈ రోజే వెళ్ళి, నొక్కి చూడండి.