మిల్లు వ్యాను ఆగాక పెద్దమ్మ నడిచిన దారి

మా పెద్దమ్మను చంపింది ఎండ కాదు, వయసు కాదు. ఆడవాళ్లను పనికి తీసుకుపోయే వ్యాను ఆపించిన మిల్లు మేనేజరు. మంగళవారం పొద్దున పనికి నడిచిపోతూ ఆదిలాబాద్ పొలిమేరలో, రోడ్డు పక్కనే కూలిపోయింది. ఫోన్ చేసిన మనిషిని "ఎవల్నో చూసి మా పెద్దమ్మ అంటున్నవేందన్నా!" అని కసిరి పెట్టేశాను. ఇప్పటికీ ఆ ఫోన్ అబద్ధమేమో అనిపిస్తోంది.

ఆమె మా అమ్మకు అక్క. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి జిన్నింగ్ మిల్లులో పత్తి మూటలు మోసింది. పనిలోనూ, పనికి వచ్చిపోయే దారిలోనూ మనుషులు ఎంత కదులుతున్నారో చూడాలని చలికాలంలో ఆరోగ్య సర్వేవాళ్లు వచ్చి అందరి చేతులకు బ్యాండ్లు కట్టారు. మిల్లు కూలీల కోసం కరపత్రాలు రాసే నేను మంచి పనే అనుకున్నాను. పెద్దమ్మ చెయ్యి ఊపి చూపించింది. "గీ గడియారంల టైం కనవడదు గని, నా రెక్కల కష్టం కనవడతదట!"

పక్కన పనిచేసే నిండు చూలాలి బ్యాండు కూడా తనే కట్టుకునేది.

"అట్ల లెక్క తప్పుతది పెద్దమ్మా," అని కోప్పడ్డాను.

"పిల్ల జరంత కూసుంటే మేనేజరు కండ్లల్ల పడతది. దాని నడక గూడ నేనే నడుస్త. నీ కరపత్రాలల్ల కడుపుతోని ఉన్నోళ్ల ముచ్చట రాయలేదారా?"



మిల్లు ఆడవాళ్లు బాగా కదులుతున్నారని సర్వేవాళ్లు చెప్పి వెళ్లారు. మేనేజరు అందరితో చప్పట్లు కొట్టించాడు. మరునాడు వ్యాను బంద్. "నడిస్తే గుండెకు మంచిది" అన్నాడు. పార్కులో షికారు తిరిగే గుండె, పొద్దంతా మూటలు మోసే గుండె ఒకటేనా? బ్యాండు కదలికను పట్టింది. నెత్తి మీది బరువును పట్టలేదు, ఆయాసాన్ని పట్టలేదు.

ఆదివారం ఛాతీలో మంట అంది. దవాఖానకు పోదాం లెమ్మన్నాను.

"నాగా పెడితే పనిల నుంచి తీసేస్తడు. నడిస్తే తగ్గుతదట గద, మా మేనేజరు డాక్టరు చెప్పిండు," అని నవ్వింది.

మేం దహనం చేసి వచ్చాం. వ్యాను మాత్రం రాలేదు. నిన్న అదే రోడ్డు మీద ఆ చూలాలు, పెద్దమ్మ పడిన చోట ఆగి, నడుం పట్టుకుని, మళ్లీ మిల్లు వైపు నడిచింది.

శనివారం పొద్దున ఎనిమిదింటికి మిల్లు గేటు ముందుకు రండి. వ్యాను వచ్చేదాకా ఎవరూ లోపలికి పోవద్దు. వచ్చే దారిలో ఆ చూలాలు కనిపిస్తే మీ బండి ఆపండి. ఎక్కించుకుని రండి.